బొమ్మ, బొరుసు, వాటి చుట్టూ అక్షరాలు: రోమన్ బంగారు నాణేల వెంట ఒక యాత్ర

మొదటి రోజు: పలాజో మాసిమో

రోమ్‌లో తెర్మిని రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న పలాజో మాసిమో మ్యూజియానికి వచ్చేవారిలో చాలామంది పాలరాతి శిల్పాలనూ, ప్రీమా పోర్తాలోని లివియా భవనం నుంచి తెచ్చిన తోట చిత్రాలనూ చూసి తృప్తిగా వెనుదిరుగుతారు. మేము వచ్చింది నాణేల కోసం కాబట్టి నేరుగా నేలమాళిగకు దిగాము. ఇటలీ రాజు మూడవ విట్టోరియో ఎమాన్యుయేలే జీవితమంతా కూడబెట్టి, 1946లో సింహాసనం విడిచిపోతూ ఇటలీ ప్రజలకు వదిలిన గొప్ప నాణేల సేకరణ ఈ మ్యూజియం సంరక్షణలోనే ఉంది. నా వెంట మా బాబాయి ఉన్నారు. నరసాపురంలో ఎన్నో ఏళ్ళు బంగారం పని చేసిన మనిషి ఆయన. నాకు శాసనాలు చదవడం ఇష్టం, ఆయనకు లోహాన్ని చదవడం అలవాటు. నాణేల పట్టికల నుంచి పెద్దవి చేయించి అచ్చు వేయించుకున్న ఛాయాచిత్రాల కట్ట నా సంచిలో ఉంది. ఏ నాణెం మీద ఏ కట్టడం ఉందో ఆ కట్టడం ఎదుట నిలబడి ఆ నాణేన్ని చదవాలన్నది ఈ ప్రయాణ సంకల్పం.

రోమన్ బంగారు నాణేన్ని ఆరియస్ అంటారు. జూలియస్ సీజర్ కాలంలో ఒక రోమన్ పౌను బంగారానికి 40 నాణేలు కొట్టేవారు, అంటే ఒక్కొక్కటి దాదాపు 8 గ్రాములు. ఆ మాట చెప్పగానే బాబాయి, "అంటే మన కాసు ఎత్తేరా అబ్బాయీ" అన్నారు. నిజమే, ఇప్పటికీ మనవాళ్ళు కాసు బంగారం అంటే 8 గ్రాములే. నీరో చక్రవర్తి క్రీస్తుశకం 64లో పౌనుకు 45 చొప్పున కొట్టించాడు, కరకల్లా 50 చేశాడు, నాలుగవ శతాబ్దం మొదట్లో కాన్‌స్టంటైన్ పాత నాణేన్ని పక్కనబెట్టి పౌనుకు 72 వచ్చే సాలిడస్‌ను తెచ్చాడు. ఒక ఆరియస్‌కు 25 వెండి డినారియస్‌లు, లేదా 100 సెస్టర్స్‌లు మారకం. అద్దాల వెనుక వరుసగా పేర్చిన ఆ నాణేలు మన రూపాయి బిళ్ళ కన్నా పెద్దవి కావు, అయినా అంత చిన్న వైశాల్యంలోనే చక్రవర్తి ముఖం, అతని బిరుదులు, అతను చెప్పదలచిన వార్త అన్నీ పట్టించారు.

బొమ్మ వైపు చక్రవర్తి తల, దాని చుట్టూ అంచు వెంబడి అతని పేరు, పదవులు ఉంటాయి. మాటల మధ్య ఖాళీ దాదాపుగా ఉండదు. పొడవైన బిరుదులను ఒకటి రెండు అక్షరాలకు కుదిస్తారు. 'యు'కు బదులు 'వి' అనే అక్షరమే వాడతారు కాబట్టి అగస్టస్ అన్న బిరుదు 'ఎ, వి, జి' అని మూడు అక్షరాలుగా కనిపిస్తుంది. ప్రధాన పురోహితుడి పదవికి 'పి, ఎం', సామాన్య ప్రజల ప్రతినిధి అయిన ట్రిబ్యూన్ అధికారానికి 'టి, ఆర్, పి', అత్యున్నత పాలనాధికారి అయిన కాన్సల్ పదవికి 'సి, ఓ, ఎస్' గుర్తులు. ట్రిబ్యూన్ అధికారం ఏటేటా పునరుద్ధరించుకునేది కావడం వల్ల దాని పక్కనున్న అంకె చూసి నాణెం ఏ ఏడాదిదో లెక్క కట్టవచ్చు. ముఖం చూసి చక్రవర్తిని గుర్తుపట్టవచ్చు, కాని ఏ ఏడాది, ఏ హోదాలో, ఎవరి కొడుకునని చెప్పుకుంటూ ఆ నాణేన్ని విడుదల చేశాడో చెప్పేవి అక్షరాలే. అందుకే నేను ముఖం కన్నా ముందు అంచు చూస్తాను.

అగస్టస్ ఆరియస్ ఒకటి దీనికి మంచి ఉదాహరణ. బొమ్మ వైపు "కైసర్ అగుస్తుస్ దివి ఎఫ్ పాతెర్ పాత్రియే" అని ఉంటుంది. దైవత్వం పొందిన జూలియస్ సీజర్ కుమారుడు, దేశపిత అయిన సీజర్ అగస్టస్ అని తాత్పర్యం. దేశపిత బిరుదు అతనికి దక్కింది క్రీస్తుపూర్వం 2లో, కనుక ఈ నాణెం అంతకన్నా ముందుది కాజాలదు. బొరుసు వైపు అతను దత్తత తీసుకున్న మనుమలు గైయస్, లూసియస్ డాళ్ళు, ఈటెలు పట్టుకుని నిలబడతారు, వారి తలల పైన పురోహితుల యాగ పరికరాలు ఉంటాయి. వారసులెవరో సామ్రాజ్యమంతటికీ తెలియజెప్పే ప్రకటన అది. లూసియస్ క్రీస్తుశకం 2లో, గైయస్ 4లో చనిపోయారు, ఆ ఇద్దరి బొమ్మలు మాత్రం చేతులు మారుతూనే పోయాయి. నేటి ఫ్రాన్స్‌లోని లియోన్ నగరపు టంకశాలలో కొట్టిన ఈ నమూనా, దాని తరువాత వచ్చిన టైబీరియస్ చక్రవర్తి నమూనా దక్షిణ భారతంలో దొరికిన రోమన్ నాణేల్లో మిగతా వాటికన్నా ఎక్కువగా కనిపిస్తాయి. వాటిలో అధిక భాగం వెండివి.

ఆ సాయంత్రం హోటల్ గదిలో బాబాయికి నీరో తొలి నాణేలు రెండు చూపించాను. 54లో, పదహారేళ్ళ వయసులో అతను గద్దెనెక్కినప్పుడు కొట్టిన ఆరియస్ మీద తల్లి అగ్రిప్పినా, కొడుకు నీరో ఎదురెదురుగా, సమాన స్థాయిలో ఉంటారు. ఆ ముఖాల చుట్టూ ఉన్న శాసనం మాత్రం తల్లిది. దైవత్వం పొందిన క్లాడియస్ భార్య, నీరో సీజర్ తల్లి అని ఆమె పేరే బొమ్మ వైపు ఉంటుంది, కొడుకు పేరు బొరుసు వైపున ఓక్ ఆకుల దండ చుట్టూ సర్దుకుంటుంది. మరుసటి ఏడాది నాణెంలో ఇద్దరి ముఖాలూ ఒకే దిక్కుకు తిరిగాయి. నీరో ముందు, తల్లి అతని వెనుక నీడలా కనిపిస్తారు. ఈసారి బొమ్మ వైపు అక్షరాలు కొడుకువి, తల్లి బిరుదులు బొరుసుకు జరిగాయి. ఆ పిమ్మట ఆమె ముఖం నీరో కొట్టించిన ఆరియస్‌ల మీద కనబడదు. 59లో అతను ఆమెను చంపించాడు. రాజభవనంలో అధికారం ఎలా చేతులు మారిందో చెప్పడానికి ఈ రెండు బంగారు బిళ్ళలకు మించిన సాక్ష్యం నాకు తెలియదు.

రెండవ రోజు: కాస్త్రో ప్రెతోరియో, కాపిటల్ కొండ

పొద్దున్నే స్టేషన్‌కు ఈశాన్యంగా నడిచి చక్రవర్తి అంగరక్షక దళమైన ప్రిటోరియన్ సైనికుల పాళెం గోడల దగ్గరకు చేరుకున్నాము. టైబీరియస్ కాలంలో, 23వ సంవత్సరం ప్రాంతంలో కట్టిన ఆ ఇటుక గోడలు తరువాతి కాలంలో నగర ప్రాకారంలో కలిసిపోయి నేటికీ నిలిచి ఉన్నాయి. 41లో కలిగులా చక్రవర్తి హత్య జరిగిన రోజున తెర వెనుక దాక్కున్న క్లాడియస్‌ను సైనికులు పట్టుకుని ఈ పాళేనికే తెచ్చి చక్రవర్తిని చేశారు. ఒక్కొక్కరికి 15,000 సెస్టర్స్‌లు ఇస్తానని అతను మాట ఇచ్చినట్లు రోమన్ చరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు. అంటే తలకు 150 ఆరియస్‌లు.

ఆ వెంటనే విడుదలైన బంగారు నాణేల మీద క్లాడియస్ ఈ పాళేన్నే చెక్కించాడు. బొరుసు వైపు బురుజుల గోడ, లోపల ఈటె పట్టిన సైనికుడు, పక్కన ధ్వజం, గోడ మీద "ఇంపెర్ రెసెప్ట్" అన్న అక్షరాలు. చక్రవర్తిని స్వీకరించారు అని దాని భావం. దానికి జోడీగా వచ్చిన మరో నాణెం మీద చక్రవర్తి ధ్వజధారితో చేయి కలుపుతూ ఉంటాడు. అధికారం సెనేట్ ఇచ్చిందనో, దేవతలు ప్రసాదించారనో చెప్పుకోవడం ఆనాటి మర్యాద. సైన్యమే తనను నిలబెట్టిందని ఇంత బాహాటంగా బంగారం మీద అచ్చు వేయించినవాడు అంతకు ముందు లేడు. ఆ నాణేలు అందుకున్నవారిలో ఆ సైనికులే మొదటివారై ఉంటారని నా నమ్మకం. ఛాయాచిత్రాన్ని ఆ గోడకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. నాణెం మీద గోడ కురచదై, మనిషి ఎత్తుగా ఉన్నాడు. చెక్కినవాడికి కావలసింది కొలత కాదు, ఎవరు ఎవరిని లోపలికి రానిచ్చారన్నది.

మధ్యాహ్నం కాపిటల్ కొండ ఎక్కాము. కొండ ఉత్తర శిఖరం మీద, నేడు అరాచేలి చర్చి ఉన్న వైపున, ఒకప్పుడు జూనో మోనెటా ఆలయం ఉండేది. గణతంత్ర కాలపు టంకశాల ఆ ఆలయం పక్కనే ఉండేది. ఇక్కడి కాపిటోలిన్ మ్యూజియంలో మేము ముఖ్యంగా చూడదలచినది క్లాడియస్ విజయ తోరణపు శాసన శకలం. బ్రిటన్‌ను గెలిచినందుకు 43లోనే అతనికి తోరణం కట్టాలని సెనేట్ తీర్మానించింది. పదకొండుమంది బ్రిటన్ రాజులు లొంగిపోయారని ఆ శాసనంలో ఉన్నట్లు, విరిగిపోయిన భాగాలను పూరించి పండితులు చదివారు. తోరణం 51లో గాని పూర్తి కాలేదు. కాని నా దగ్గరున్న ఆరియస్ మీద ట్రిబ్యూన్ అధికారం ఆరవసారి అని ఉంది, అంటే 46వ సంవత్సరం. దాని బొరుసు వైపు పూర్తయిన తోరణం, రెండు విజయ స్తంభాల నడుమ గుర్రమెక్కిన చక్రవర్తి, తోరణం నుదుట "దె బ్రితన్" అన్న అక్షరాలు. రాతి మీద శాసనం వెలవడానికి సుమారు అయిదేళ్ళ ముందే బంగారం మీద తోరణం వెలిసింది. నాణెం మీది కట్టడాన్ని అచ్చంగా నేల మీది కట్టడానికి చిత్రపటంగా తీసుకోరాదని చెప్పడానికి ఈ జంట చాలు. కట్టబోయేదాన్ని కట్టేసినట్లు చూపడం ఆ టంకశాలకు కొత్త కాదు.

అదే మ్యూజియంలో సింహం తోలు కప్పుకుని, గద భుజాన వేసుకున్న కొమోడస్ చక్రవర్తి పాలరాతి విగ్రహం ఉంది. 1874లో ఎస్క్విలైన్ కొండ మీద దొరికిన ఈ విగ్రహంలో అతను తనను పురాణ వీరుడు హెర్క్యులిస్‌గా చూపించుకున్నాడు. 192లో అతని నాణేల మీద కూడా సింహం తోలు తలకెక్కింది, బొరుసు వైపు గద, విల్లు, అమ్ములపొది, "రోమన్ హెర్క్యులిస్‌కు" అన్న శాసనం వచ్చాయి. ఆ ఏడాది చివరి రోజునే అతను హత్యకు గురయ్యాడు.

మూడవ రోజు: ఫోరం

ప్రాచీన రోమ్ నడిబొడ్డు చౌకమైన ఫోరంలో గడిపే ఈ రోజు కోసమే ఈ యాత్రలో నేను ఎక్కువ ఆశతో ఎదురుచూశాను.

టైటస్ తోరణం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. జెరూసలేం ఆలయపు ఏడు కొమ్మల దీపస్తంభాన్ని మోసుకొస్తున్న శిల్పం ఎదుట, వెస్పాసియన్ ఆరియస్ మీద విజయచిహ్నం కింద కూలబడి ఏడుస్తున్న స్త్రీ బొమ్మను, దాని కింద "యూదేయా" అన్న ఒక్క మాటను చూసుకుని ముందుకు సాగాము. ఓడిన దేశాన్ని తల వంచిన స్త్రీగా చూపే ఆనవాయితీని చూసినప్పుడల్లా నాకు మనసు కష్టమవుతుంది.

ఆంటోనినస్, ఫౌస్తినాల ఆలయం ముందు మాత్రం చాలాసేపు కూర్చున్నాము. ముందు వైపు ఆరు ఎత్తైన స్తంభాలు, వాటి వెనుక పాత గుడి గోడల మధ్య ఇప్పటి చర్చి. 140లో ఫౌస్తినా చనిపోగానే భర్త ఆంటోనినస్ పయస్ ఆమెను దేవతగా ప్రకటింపజేసి ఈ ఆలయం కట్టించాడు. 161లో అతను పోయాక శాసనం పై భాగాన అతని పేరూ చేర్చారు, కాబట్టి స్తంభాల పైన చదివేటప్పుడు మొదట కనబడే భర్త పేరు నిజానికి తరువాత వచ్చింది. ఫౌస్తినా నాణేలు ఆమె మరణానంతరం ఏళ్ళ తరబడి కొట్టారు. బొమ్మ వైపు "దివా ఫౌస్తినా" అన్న పేరు, జడలను ముత్యాలతో చుట్టి నడినెత్తిన కట్టిన కొప్పు. బొరుసు వైపు చాలాసార్లు "ఎటెర్నితాస్", అంటే శాశ్వతత్వం. ఈ ఆలయపు ముఖభాగం కూడా నాణేల మీదికి వచ్చింది.

బాబాయిని ఇక్కడ కూర్చోబెట్టడానికి నాకు మరో కారణం ఉంది. మన నాగార్జునకొండ తవ్వకాలలో రెండు రోమన్ బంగారు నాణేలు దొరికాయి, ఒకటి టైబీరియస్‌ది, రెండవది ఈ ఫౌస్తినాదే. ఆ మాట విని ఆయన చాలాసేపు స్తంభాల వైపు చూసి, "ఈ కొప్పు మన కృష్ణ ఒడ్డున ఎవరి మెడలో వేలాడిందో మరి" అన్నారు. దక్షిణ దేశంలో దొరికిన రోమన్ నాణేలలో రంధ్రాలు వేసినవి, కొక్కేలు అతికినవి ఉన్నాయి, కాబట్టి కాసులపేరు చేసినవారి వంశంలో పుట్టిన ఆయనకు ఆ ఆలోచన సహజంగానే వచ్చింది.

ఫోరం పడమటి కొసన సెప్టిమియస్ సెవెరస్ తోరణం ఉంది. 203లో ఇరాన్ ప్రాంతపు పార్థియన్ల మీద విజయానికి గుర్తుగా కట్టిన దీని నుదుట పొడుగాటి శాసనం. నాలుగవ పంక్తి దగ్గర రాయి మిగతా చోట్ల కన్నా లోపలికి దిగి ఉంటుంది. ఒకప్పుడు కంచు అక్షరాలను బిగించడానికి తొలిచిన పాత రంధ్రాలు కొత్త అక్షరాలతో పొసగకుండా మిగిలిపోయాయి. అక్కడ ఉండినది చిన్న కొడుకు గెటా పేరు. 211 డిసెంబరులో అన్న కరకల్లా తల్లి ఒడిలోనే తమ్ముణ్ణి చంపించి, అతని పేరును సామ్రాజ్యమంతటా చెరిపించాడు. ఇక్కడ ఆ చోటును తండ్రికీ తనకూ చెందే పొగడ్తలతో, "అత్యుత్తములు, మహావీరులు అయిన ప్రభువులకు" అన్న మాటలతో పూడ్చారు.

ఆ పంక్తి కింద నిలబడి నేను సంచిలోంచి బయటికి తీసిన ఛాయాచిత్రం దాదాపు 202 నాటి ఆరియస్‌ది. బొమ్మ వైపు సెవెరస్ ఉన్నాడు. బొరుసు వైపు నడుమ తల్లి జూలియా డోమ్నా ముఖం నేరుగా మనవైపు చూస్తూ ఉంటుంది, రోమన్ నాణేలలో అరుదైన పద్ధతి అది. ఆమెకు అటూ ఇటూ ఇద్దరు కొడుకులు ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు. కరకల్లా అప్పటికే అగస్టస్, అంటే సహ చక్రవర్తి, అయినందున తలకు లారెల్ దండ ఉంది, గెటా ఇంకా సీజర్, అంటే వారసుడు, మాత్రమే కనుక తల బోసిగా ఉంది. పైన "ఫెలిచితాస్ సేకులి", ఈ యుగపు సౌభాగ్యం అన్న మాట. ఆనాటి చరిత్రకారుడు కాసియస్ డియో రాసిన దాన్ని బట్టి కరకల్లా తమ్ముడి ముఖం ఉన్న నాణేలను సైతం కరిగించాడు. అయినా సామ్రాజ్యం నలుమూలలకూ, ఇళ్ళలో పాతిపెట్టిన కుండల్లోకీ చేరిపోయిన బంగారాన్ని వెతికి తేవడం ఏ చక్రవర్తి తరమూ కాదు. రాతి మీద గెటా లేడు, నాణెం మీద ఉన్నాడు.

అక్కడి నుంచి టైబర్ నది వైపు నడిచి వడ్డీ వ్యాపారులు, పశువుల వర్తకులు కలిసి 204లో కట్టించిన చిన్న తోరణం చూశాము. అదే కుటుంబం బలి ఇస్తున్న శిల్పంలో సెవెరస్, జూలియా పక్కన గెటా ఉండవలసిన చోటు నున్నగా చెక్కివేసి ఉంది. రోజూ నాణేలు లెక్కపెట్టుకునేవారు కట్టించిన తోరణం ఇది. ఇటు ఈ ఖాళీని, అటు తమ పెట్టెల్లోని గెటా ముఖాన్ని వారు ఒకేసారి చూస్తూ బతికి ఉంటారు.

నాలుగవ రోజు: ట్రాజన్ ఫోరం, సాన్ క్లెమెంతె

ట్రాజన్ ఫోరంలో ఇప్పుడు మిగిలినవి విరిగిన స్తంభాల వరుసలు, 113లో ప్రతిష్ఠించిన జయస్తంభం. "ఫోరుమ్ త్రయాన్" అని రాసి ఉన్న ఆరియస్‌లో మాత్రం ప్రవేశ ద్వారం, దాని గూళ్ళలోని విగ్రహాలు, పైన ఆరు గుర్రాల రథం కనిపిస్తాయి. "బసిలికా ఉల్పియా" అన్న మరో నాణెం సభాభవనాన్ని చూపుతుంది. క్లాడియస్ తోరణం నేర్పిన మొన్నటి జాగ్రత్త మనసులో ఉంచుకుని కూడా, ఈ ద్వారం ఎలా ఉండేదో ఊహించడానికి పండితులకు ఇవే మొదటి ఆధారాలని చెప్పాలి.

మధ్యాహ్నం కొలోసియం దాటి సాన్ క్లెమెంతె చర్చికి వెళ్ళాము. చర్చి కింద చర్చి, దాని కింద దళసరి రాతి గోడల రోమన్ భవనం ఉన్నాయి. సామ్రాజ్య కాలపు టంకశాల ఇదేనని కొందరు పండితుల అభిప్రాయం. అది నిరూపితం కాకపోయినా, టంకశాల పనివారు 115లో దేవతలకు సమర్పించిన శాసనాలు ఈ పరిసరాల్లోనే దొరికాయి. వాటిలో బంగారు, వెండి నాణేల పనివారి పేర్లు వృత్తుల వారీగా ఉన్నాయి: అచ్చుల బాధ్యులు, బిళ్ళను అచ్చు మీద పెట్టేవారు, సుత్తితో కొట్టేవారు. బాబాయి ముఖం వెలిగిపోయింది. ఒక అచ్చును దిమ్మలో బిగించి, కాచిన బిళ్ళను దాని మీద ఉంచి, రెండవ అచ్చును పైన నిలబెట్టి సుత్తి వేసే పద్ధతిని ఆయన ఆ మసక వెలుతురులోనే చేతులతో చేసి చూపించారు. "పోత పోస్తే గీత ఇంత పదునుగా రాదురా, ఇది దెబ్బకు లేచిన బొమ్మ" అన్నారు. చక్రవర్తుల పేర్లు ఇన్ని చదివాక ఆ సుత్తి పట్టినవారి పేర్లు కూడా రాతికెక్కి ఉన్నాయని తెలియడం నాకు గొప్ప సంతోషాన్నిచ్చింది.

ఐదవ రోజు

రోమ్ నుంచి లండన్‌కు విమానం. దారిలో రోమన్ రచయిత ప్లినీ లెక్కను బాబాయికి చెప్పాను: భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లకు తక్కువ కాకుండా రోమ్ సంపదను లాగేసుకుంటోందని ప్లినీ వాపోయాడు. బంగారంలో చెప్పుకుంటే అది 5 లక్షల ఆరియస్‌లు.

ఆరవ రోజు: బ్రిటిష్ మ్యూజియం

నాణేల విభాగం అధ్యయన మందిరంలో ముందుగా అనుమతి తీసుకున్నవారికి నాణేలను బల్ల మీద పెట్టి చూపిస్తారు. మేము కోరినవి పుదుక్కోట్టై నిధిలోవి. 1898లో అప్పటి పుదుక్కోట్టై సంస్థానంలో 501 ఆరియస్‌లు ఒక్కచోట దొరికాయి, వాటిలో కొన్ని ఇక్కడికి చేరాయి. అగస్టస్ నుంచి వెస్పాసియన్ దాకా సాగే ఆ నిధిలో 90 శాతానికి పైగా నాణేలకు చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితోనో ఆకురాయితోనో పెట్టిన లోతైన గాటు ఉంది.

బంగారం అసలుదో కాదో పరీక్షించడానికి పెట్టిన గాటని కొందరు, చలామణీ నుంచి తప్పించి కేవలం లోహంగా పరిగణించడానికి పెట్టినదని మరికొందరు అంటారు. బాబాయి భూతద్దంతో ఒక్కొక్కటీ చూసి తన మాట చెప్పారు. పరీక్షకైతే గీటురాయి చాలు, కోయవలసి వచ్చినా అంచున చిన్న గాటు పెడతారు గాని నడిమధ్య ముఖం మీద ఇంత బలంగా కొట్టరు. కొట్టినవాడికి ఏది రాజు తలో తెలుసు, బిళ్ళను తిప్పి చూసుకుని, బొమ్మ వైపే ఎంచుకుని కొట్టాడు. ఆయన వాదన నాకు సరైనదిగా తోచింది. ఆ అక్షరాలు చదవగలవారు ఆ ఊళ్ళో ఉండి ఉండకపోవచ్చు, కాని ముఖమే ఆ నాణేనికి అధికారమని గాటు పెట్టినవాడికి స్పష్టంగా తెలుసు. గాటు పడ్డాక అది ఏ చక్రవర్తి నాణెమూ కాదు, దాదాపు 8 గ్రాముల మేలిమి బంగారం. టైబీరియస్ బొరుసు మీద "పొంతిఫ్ మాక్సిమ్" అన్న అక్షరాలు, దండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అన్ని నిధులకూ ఇలా గాట్లు లేవు. గుంటూరు సీమలోని వినుకొండలో 1889లో దొరికిన 15 ఆరియస్‌ల నిధి టైబీరియస్‌తో మొదలై కరకల్లాతో ముగుస్తుంది. అంటే సెవెరస్ తోరణం మీద తమ్ముడి పేరు చెరిపించినవాడి బంగారం కూడా పల్నాడు దాకా వచ్చింది. ఆ 15 నాణేల బొరుసు శాసనాలను వరుసగా చదివి, ఒక్కొక్కటి ఏ ఏడాదిదో అంకెల ద్వారా తేల్చుకోవాలని, బరువులను బాబాయి చేత సరిచూపించాలని ఇద్దరం అనుకున్నాము.